లాటిన్ సమాస విశేషణాన్ని విప్పి చదవడం ఎలా: ‘సెస్క్విపిడేలియన్’ ఆధారంగా

ఆంగ్ల గ్రంథాలు చదివేటప్పుడు మనల్ని ఆపే మాటల్లో ఎక్కువ భాగం విశేషణాలే. ‘మాగ్నానిమస్’, ‘ఆమ్నివొరస్’, ‘మెల్లిఫ్లూయస్’, ‘ఆంబిడెక్‌స్ట్రస్’ వంటి మాట ఎదురైనప్పుడు నిఘంటువు తిరగేసి అర్థం తెలుసుకుంటాం. కొంతకాలానికి అదే మాట మరో పుస్తకంలో కనిపిస్తే ఆ అర్థం గుర్తుకు రాక మళ్లీ నిఘంటువు తెరుస్తాం. ఇవన్నీ లాటిన్ సమాసాలు కనుక వీటిని విప్పి చదివే పద్ధతి ఒకటి ఉంది. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం బడిలోనే నేర్చుకున్న తెలుగు పాఠకులకు ఆ పద్ధతి దాదాపుగా తెలిసినదే. దాన్ని ఇక్కడ ఒకే మాట మీద నిదానంగా ప్రయోగించి చూపి, ఆ తరువాత మరికొన్ని మాటల మీద త్వరత్వరగా పరీక్షిస్తాను. ఎంచుకున్న మాట ‘సెస్క్విపిడేలియన్’. ఆంగ్లంలో 14 అక్షరాలు, పలుకులో ఆరు సిలబుల్స్, ఊనిక ‘డే’ మీద. ‘పొడవాటి మాటలతో కూడిన’ అని దాని అర్థం. తన అర్థానికి తానే ఉదాహరణగా నిలిచే భాగ్యం చాలా కొద్ది మాటలకే దక్కుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. ఇటువంటి ప్రతి మాటకూ రెండు అర్థాలు ఉంటాయి. ముక్కలను కలిపితే వచ్చేది కూర్పు అర్థం. రచయితలు ఏ అర్థంలో రాస్తున్నారో అది వాడుక అర్థం. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని వ్యుత్పత్తి ఒక్కటే పూడ్చలేదు. ఆ మాటను ఎవరు, ఏ సందర్భంలో, దేని గురించి ప్రయోగించారో తెలిసినప్పుడే పూడుతుంది. వ్యుత్పత్తి చెప్పే పుస్తకాలు చాలావాటిలో ఈ రెండో సగం ఉండదు. అందుకే అవి ఆసక్తిగా చదివిస్తాయి గాని మాటను గుర్తుండేలా చేయలేవు.

తోక నుంచి మొదలుపెట్టాలి

మాటను ఎడమ నుంచి కుడికి విడదీయాలనుకోవడం సహజం. లాటిన్ సమాసాల విషయంలో చివరి నుంచి వెనక్కి రావడమే సులువు, ఎందుకంటే మాట ఏ జాతిదో చెప్పేది చివరి ప్రత్యయమే. ‘సెస్క్విపిడేలియన్’లో చివరి ‘అన్’ ఆంగ్లం తగిలించినది. దాన్ని తీసేస్తే మిగిలేది లాటిన్ విశేషణం ‘సెస్క్విపెదాలిస్’. లాటిన్ ‘ద’ మన దంత్యాక్షరానికి దగ్గరగా పలుకుతుందని, ఆంగ్లంలోకి వచ్చాక అది ‘డ’ అవుతుందని ఇక్కడే గమనిస్తే ముందుముందు ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు చివరన ‘ఆలిస్’ ఉంది. ఇది మన వ్యాకరణంలో తద్ధిత ప్రత్యయం వంటిది: నామవాచకానికి చేరి ‘దానికి సంబంధించిన, ఆ కొలత గల’ అన్న అర్థాన్నిస్తుంది. ఆంగ్లంలోని ‘నేవల్’, ‘లీగల్’, ‘రీగల్’ అన్నీ దీని సంతానమే. మూలపదంలో ‘ల’ దగ్గరగా ఉంటే రెండు ‘ల’లు పక్కపక్కన పడకుండా లాటిన్ ఇదే ప్రత్యయాన్ని ‘ఆరిస్’గా మారుస్తుంది, ‘లూనార్’, ‘సోలార్’, ‘పాపులర్’ అలా వచ్చినవే. ‘లీగల్’ వంటి మినహాయింపులు ఉన్నా, ‘అల్’, ‘అర్’ అనే రెండు తోకలూ ఒకటేనని తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

మిగిలిన తోకల గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. ‘వొరస్’ అంటే మింగేది, తినేది. ‘ఫెరస్’ అంటే మోసేది: బొగ్గును మోసే భూగర్భ యుగానికి ‘కార్బోనిఫెరస్’ అనీ, బంగారం ఉన్న రాతికి ‘ఆరిఫెరస్’ అనీ పేర్లు. ‘ఫిక్’ అంటే చేసేది, కలిగించేది: నిద్ర తెప్పించేది ‘సోపోరిఫిక్’. ‘లోక్వెంట్’ అంటే మాట్లాడేది. ‘ఎంట్’, ‘అంట్’ అన్న చివరలు సాధారణంగా ‘చేస్తున్న’ అనే అర్థం గల లాటిన్ వర్తమాన కృదంతాలు. ఈ పాటి తోకలు చేతిలో ఉంటే చాలా మాటలు లొంగుతాయి.

ప్రథమా రూపాన్ని నమ్మవద్దు

తోక తీసేశాక ‘సెస్క్విపెద్’ మిగిలింది. ఇందులో ‘పెద్’ ఏమిటి? లాటిన్ నిఘంటువులో ‘పెద్’ అని వెతికితే దొరకదు. అక్కడ ఉండేది ‘పేస్’, అంటే పాదం, అడుగు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిఘంటువులో ఆ మాట పక్కనే ‘పెదిస్’ అని మరో రూపం ఇచ్చి ఉంటుంది. అది షష్ఠీ విభక్తి రూపం. దాని చివరి ‘ఇస్’ తీసేస్తే వచ్చే ‘పెద్’ అసలైన ప్రాతిపదిక. సమాసాల్లోకి వచ్చేది సాధారణంగా ఈ రెండో రూపమే.

ఇది విచిత్రంగా తోచనవసరం లేదు. తెలుగులో ‘ఇల్లు’ అనే మాట సమాసంలో ‘ఇంటి’ అవుతుంది, ‘కన్ను’ ‘కంటి’ అవుతుంది, ‘నోరు’ ‘నోటి’ అవుతుంది. ‘ఇంటిపేరు’, ‘కంటిచూపు’, ‘నోటిమాట’ అంటాం గాని ‘ఇల్లుపేరు’ అనం. మన వ్యాకరణం వీటిని ఔపవిభక్తికాలు అని పిలుస్తుంది. తెలుగు నేర్చుకుంటున్న పరదేశి ఒకరు ‘ఇంటి’ని నిఘంటువులో వెతికి దొరకక తికమకపడినట్టే మనం ‘పెద్’ దగ్గర తికమకపడతాం. లాటిన్‌లో ‘కోర్’ అంటే హృదయం, ప్రాతిపదిక ‘కోర్ద్’, దాని నుంచి ‘కార్డియల్’. ‘నోక్స్’ అంటే రాత్రి, ప్రాతిపదిక ‘నోక్త్’, దాని నుంచి ‘నాక్టర్నల్’. ‘కరో’ అంటే మాంసం, ప్రాతిపదిక ‘కర్న్’, దాని నుంచి ‘కార్నివొరస్’. ఒక్కోసారి షష్ఠీ రూపమే రెండు వేరు మాటలను విడదీసి చూపుతుంది. దీర్ఘం గల ‘ఓస్, ఓరిస్’ అంటే నోరు, దాని నుంచి ‘ఓరల్’; హ్రస్వం గల ‘ఒస్, ఒస్సిస్’ అంటే ఎముక, దాని నుంచి ‘ఆసియస్’.

‘పేస్, పెదిస్’కు సంస్కృతంలోని ‘పద్, పాద’ జ్ఞాతిపదాలు. తెలుగులో మనం రోజూ వాడే ‘పాదం’, ‘పదం’ ఆ సంస్కృత మూలం నుంచి వచ్చినవే కనుక ఈ ముక్కను కొత్తగా గుర్తుపెట్టుకోవలసిన పని లేదు.

‘సెస్క్వి’లో దాగిన ‘చ’

ఇక మిగిలింది ముందరి ముక్క. ‘సెస్క్వి’ అంటే ఒకటిన్నర. ఇది ఒకే ముక్కలా కనిపిస్తుంది గాని దీనిలోపల రెండు ఉన్నాయి: సగం అని అర్థమిచ్చే ‘సేమిస్’, ‘మరియు’ అని అర్థమిచ్చే ‘క్వె’. లాటిన్‌లో ‘క్వె’ రెండు మాటల నడుమ నిలబడదు. రెండో మాట చివరికి అతుక్కుంటుంది. రోమన్ శాసనాల మీద నాలుగు పెద్దక్షరాల్లో కనిపించే ‘సెనాతుస్ పోపులుస్‌క్వె రోమానుస్’, అంటే ‘సెనేట్, రోమన్ ప్రజలు’ అన్న సంక్షేపంలో ఆ మూడో అక్షరం ఈ ‘క్వె’దే. సంస్కృతంలో ‘రామః లక్ష్మణశ్చ’ అన్నప్పుడు ‘చ’ చేసే పని సరిగ్గా ఇదే; భాషాచరిత్ర దృష్ట్యా ‘చ’, ‘క్వె’ రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. ‘సేమిస్’లోని ‘సేమి’కి కూడా సంస్కృతంలో ‘సామి’ అనే తోబుట్టువు ఉంది, అది సగం అన్న అర్థంలో కనిపిస్తుంది.

కాబట్టి ‘సెస్క్వి’ అక్షరాలా చెప్పేది ‘ఇంకా ఒక సగం’ అని మాత్రమే. ఒకటి అన్న భాగం పైకి రాదు. ఏ కొలత ముందు ఇది నిలబడితే ఆ కొలత ఒకటి పూర్తిగా ఉందని, దానిపైన మరో సగం చేరిందని అర్థం చేసుకోవాలి. ఇలా దాచిపెట్టిన ‘ఒకటి’ని గుర్తించకపోతే ‘సెస్క్వి’ని సగంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఈ ముక్కకు ఉన్న బంధుగణం చిన్నదే అయినా చిత్రమైనది. మామూలు సైనికుడి జీతానికి ఒకటిన్నర రెట్లు తీసుకునే రోమన్ సైనికుణ్ణి ‘సెస్క్విప్లికారియుస్’ అనేవారు. రసాయనశాస్త్రంలో ‘సెస్క్వియాక్సైడ్’ అంటే ఒక్కో లోహ పరమాణువుకు ఒకటిన్నర ఆక్సిజన్ పరమాణువుల వంతున ఉన్న సమ్మేళనం. పరమాణువును సగం చేయలేం కనుక ఇనుము తుప్పు సూత్రంలో రెండు ఇనుములకు మూడు ఆక్సిజన్లు కనిపిస్తాయి. మొక్కల సువాసన నూనెల్లో ఉండే టెర్పీన్లకు 10 కార్బన్లను ప్రమాణంగా పెట్టుకున్నారు కనుక 15 కార్బన్లున్న వాటికి ‘సెస్క్విటెర్పీన్’ అని పేరు వచ్చింది. సంగీతంలో మూడుకు రెండు నిష్పత్తిని ‘సెస్క్వియాల్టెరా’ అంటారు. 1926లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 150 ఏళ్లు నిండినప్పుడు ఫిలడెల్ఫియాలో జరిపిన అంతర్జాతీయ ప్రదర్శనకు ‘సెస్క్విసెంటెనియల్’ అని పేరు పెట్టారు. మన పత్రికల్లో కనిపించే ‘సార్ధశతి’ కూడా అదే లెక్క, అదే ఉపాయం: స-అర్ధ, అంటే సగంతో కూడిన, శతం. అక్కడా ఒకటి పైకి కనబడదు.

విగ్రహవాక్యం రాయండి

ముక్కలన్నీ దొరికాక వాటిని ఒక పూర్తి వాక్యంగా రాయడం తప్పనిసరి మెట్టు. మనసులో అనుకుని వదిలేస్తే ముక్కల మధ్య సంబంధం ఏమిటో తేలదు. ముందు ‘సెస్క్విపేస్’, అంటే ఒకటిన్నర అడుగు. సంఖ్య పూర్వపదంగా ఉంది కనుక దీన్ని మన ద్విగు సమాసంతో పోల్చవచ్చు. దానికి ‘ఆలిస్’ చేరాక ‘ఒకటిన్నర అడుగుల కొలత గలది’ అవుతుంది. ఇదే కూర్పు అర్థం.

రోమన్లు ఈ మాటను అక్షరాలా ఆ కొలతకే వాడుకున్నారు. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర అడుగు 44 సెంటీమీటర్ల పైచిలుకు. రోమన్ కట్టడాల్లో దొరికే పెద్ద చదరపు ఇటుకల్లో ఒక రకానికి పురాతత్వవేత్తలు ఈనాటికీ వాడే పేరు ‘సెస్క్విపెదాలిస్’. అంతకంటే పెద్దది, రెండడుగులది, ‘బిపెదాలిస్’. మాటల పొడవును వెక్కిరించే ఈ విశేషణం ఇటుకల బట్టీలో మామూలు కొలత మాటగా ఉండేదన్న సంగతి నాకు చాలా నచ్చుతుంది. రోమన్ల లెక్కలో ఒకటిన్నర అడుగు, అంటే 24 అంగుళీ ప్రమాణాలు, సరిగ్గా ఒక ‘కుబితుస్’. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉండే ఆ కొలతే మన మూర. కాబట్టి ‘సెస్క్విపెదాలిస్’కు ‘మూరెడు’ అన్న తెలుగు మాట కొలతలోనూ ధోరణిలోనూ సరిపోతుంది.

సందర్భం వెతకాలి

మూరెడు ఇటుక నుంచి మూరెడు మాటకు ఎలా వచ్చాం? ఈ ప్రశ్నకు జవాబు ముక్కల్లో ఉండదు, ఒక కవి దగ్గర ఉంటుంది. హొరేస్ (క్రీ.పూ. 65–8) రాసిన ‘ఆర్స్ పొయెటికా’ అనే పద్యలేఖలో 95వ పంక్తి నుంచి నాలుగు పంక్తులు చూడాలి. నాటకంలో పాత్ర ఏ స్థాయిలో మాట్లాడాలన్నది అక్కడి చర్చ. విషాదనాటకంలోని నాయకుడు సైతం దుఃఖంలో ఉన్నప్పుడు తరచుగా సాదా మాటల్లోనే విలపిస్తాడని, టెలిఫస్, పీలియస్ వంటి రాజులు పేదరికంలోనూ ప్రవాసంలోనూ ఉన్నప్పుడు తమ మొర ప్రేక్షకుల హృదయాన్ని తాకాలనుకుంటే ఉబ్బెత్తు మాటలను, ‘సెస్క్విపెదాలియా వెర్బా’ను అవతల పారేస్తారని హొరేస్ అంటాడు. ‘వెర్బా’ అంటే మాటలు. ఆంగ్లంలోకి ఈ విశేషణం ప్రాచుర్యం పొంది వచ్చింది ఈ పంక్తి పుణ్యమా అనే.

ఈ నాలుగు పంక్తులను కొంచెం దగ్గరగా చూస్తే మూడు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, ‘సాదా మాటలు’ అని చెప్పడానికి హొరేస్ వాడిన మాట ‘సెర్మోనె పెదెస్త్రి’, అంటే కాలినడకన సాగే భాషలో. అంటే రెండు పంక్తుల ఎడంలో ఒకే ‘పెద్’ రెండుసార్లు వచ్చింది: ఒకటి నేల మీద నడిచే మాట, మరొకటి మూరెడు పొడవున సాగే మాట. ‘పెదెస్త్రిస్’ నుంచే ఆంగ్లంలో ‘పెడెస్ట్రియన్’ వచ్చింది. దానికి పాదచారి అన్న అర్థంతో పాటు విశేషణంగా ‘చప్పగా ఉన్న, మెరుపు లేని’ అన్న అర్థం కూడా ఎందుకు ఉందో ఈ పంక్తి చదివాక వేరే చెప్పనక్కరలేదు. రెండోది, పొడవు మాటల పక్కనే ఆయన ‘ఆంపుల్లాస్’ అనే మాట పెట్టాడు. ఆంపుల్లా అంటే బొజ్జ ఉబ్బిన చిన్న నూనె బుడ్డి. ఉబ్బు ఒకవైపు, పొడవు మరోవైపు. డాంబికమైన భాషను ఆకారంతో పట్టి చూపడం ఆయన ఉద్దేశం.

మూడోది ఛందస్సుకు సంబంధించినది. లాటిన్‌లో ‘పేస్’ అంటే పద్యగణం కూడా. మన ‘పాదం’ పంక్తి మొత్తానికి పేరైతే వాళ్ల ‘పేస్’ పంక్తిలోని ఒక్కో గణానికి పేరు. హొరేస్ పద్యం హెక్సామీటర్, అంటే పంక్తికి ఆరు గణాలు. ‘సెస్క్విపెదాలియా’ను గురులఘువులుగా విడదీస్తే గురువు, లఘువు, లఘువు, మళ్లీ గురువు, లఘువు, లఘువు వస్తాయి. మన లెక్కలో రెండు భగణాలు. పంక్తిలో నాలుగో గణాన్ని, ఐదో గణాన్ని ఈ ఒక్క మాటే పూర్తిగా ఆక్రమించుకుంది. పొడవు మాటలను పారేయమని చెప్పే పంక్తిలో మూడో వంతు స్థలం ఒకే మాటకు ఇచ్చిన కవి చమత్కారం తెలియకుండా చేసిన పని అని నేను అనుకోను.

ఇప్పుడు కూర్పు అర్థానికీ వాడుక అర్థానికీ మధ్య దూరం పూడింది. మూరెడు కొలత గలది అన్న మాట ఒక కవి చేతిలో అతిశయోక్తిగా మారి, భాషా డాంబికాన్ని ఎగతాళి చేసే పనిముట్టు అయింది. ఆ ఎగతాళి నేటికీ ఈ మాటను వదలలేదు.

ఆంగ్లంలో ఎలా వాడాలి

ఈ మాట 17వ శతాబ్దం నుంచి ఆంగ్లంలో ఉంది. నేటి ప్రయోగాలు రెండు రకాలు. ఒకటి, మాటకు విశేషణంగా: అనేక సిలబుల్స్ గల, పొడవాటి. రెండు, మనిషికి గాని శైలికి గాని విశేషణంగా: పొడవాటి మాటల మీద మోజు గల. ఒకటిన్నర అడుగు అన్న కొలత అర్థం సాధారణ రచనలో దాదాపు కనబడదు.

ఇక్కడ ఒక సున్నితమైన హద్దు ఉంది. చిన్న చిన్న మాటలతో ఎడతెగకుండా సాగే వాక్యానికి ఈ విశేషణం వర్తించదు; పొడవు మాటకు ఉండాలి. అనవసరంగా ఎక్కువ మాటలు వాడే రచనకు ‘వెర్బోస్’ ఉంది. ఘనంగా, ఆర్భాటంగా పలికే ధోరణికి ‘గ్రాండిలోక్వెంట్’ ఉంది. వీటిలో ఒకటి ఉండవలసిన చోట మరొకటి పెట్టడం అర్థదోషమే అవుతుంది. పైగా ‘సెస్క్విపిడేలియన్’లో చిరునవ్వు ఉంటుంది కనుక గంభీరమైన విమర్శలో దీన్ని వాడితే విమర్శించిన వారి మీదికే ఆ నవ్వు తిరుగుతుంది.

పొడవాటి మాటల భయానికి సరదాగా అల్లిన ‘హిప్పోపోటోమాన్‌స్ట్రోసెస్క్విపిడేలియోఫోబియా’ అనే మాటను చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తోక నుంచి విప్పితే ‘ఫోబియా’ గ్రీకు, దానికి ముందున్నది మన మాటే. ఆ ముందున్న నీటిగుర్రం, రాక్షసాకారం రెండూ పొడవు పెంచడానికి తగిలించినవి తప్ప అర్థానికి ఏమీ చేర్చవు.

ఎక్కడ కాలు జారుతుంది

ఒకే ధ్వని గల ముక్కలు ఒకే మూలానివని అనుకోవడం మొదటి ప్రమాదం. ఆంగ్లంలో ‘పెడ్’, ‘పీడ్’ అని వినిపించేవి కనీసం మూడు. లాటిన్ పాదం ఒకటి. ‘పీడియాట్రిక్’, ‘పెడగాజికల్’ మాటల్లో ఉన్నది గ్రీకు ‘పైస్, పైదోస్’, అంటే పిల్లవాడు. నేలల శాస్త్రమైన ‘పెడాలజీ’లో ఉన్నది గ్రీకు ‘పెదోన్’, అంటే నేల. పిల్లల వైద్యానికి పాదంతో సంబంధం కల్పించే వ్యుత్పత్తి ఎంత అందంగా ఉన్నా తప్పే. దీనికి భిన్నంగా, పాదం పైకి కనబడని చోట నిజంగానే ఉండవచ్చు. ‘ఇంపీడ్’ అంటే అడ్డగించడం. లాటిన్‌లో అది కాళ్లకు సంకెల తగిలించడం. ‘ఎక్స్‌పెడిషస్’ అంటే త్వరితమైన. దాని మూలం ఆ సంకెల విప్పి కాళ్లను విడిపించడం.

రెండో జాగ్రత్త సమాసం అతుకు దగ్గర. లాటిన్ సమాసాల్లో రెండు ముక్కల నడుమ సాధారణంగా ‘ఇ’ వస్తుంది, గ్రీకు సమాసాల్లో ‘ఒ’ వస్తుంది. ‘కార్నివొరస్’, ‘మెల్లిఫ్లూయస్’ లాటిన్, ‘ఫోటోగ్రాఫిక్’ గ్రీకు. అడుగులు లెక్కించే ‘పెడొమీటర్’లో పాదం లాటిన్‌ది, అతుకూ కొలతా గ్రీకువి. ‘మోనోలింగ్వల్’లో పూర్వపదం గ్రీకు, నాలుక లాటిన్. ఇటువంటి సంకర సమాసాలను చూసి కంగారుపడనక్కరలేదు; సంస్కృత, తెలుగు పదాలను కలిపే మిశ్రసమాసాలు మనకూ ఉన్నాయి. కాకపోతే ఒక ముక్క లాటిన్ అయినంత మాత్రాన రెండోదీ లాటిన్ అనుకుని వెతికితే సమయం వృథా అవుతుంది.

మూడోది అచ్చుల మార్పు, దీనిమీద కాస్త ఎక్కువసేపు నిలవడం మంచిది. లాటిన్‌లో ఒక మాట సమాసంలో రెండో స్థానానికి వెళ్లినప్పుడు దానిలోని హ్రస్వాచ్చు తరచుగా బలహీనపడుతుంది. ‘అన్నుస్’ అంటే సంవత్సరం. అది ముందు ఉన్నప్పుడు ‘ఆన్యువల్’, ‘ఆనివర్సరీ’లలో ‘అ’ నిలిచింది, వెనక్కి వెళ్లినప్పుడు ‘పెరెనియల్’, ‘సెంటెనియల్’లలో ‘ఎ’ అయింది. ‘ఫకెరె’ అంటే చేయడం. సమాసం చివర అది ‘ఫిక్’ అయింది. ఈ సూత్రం తెలిస్తే చాలామందిని తడబెట్టే ఒక జంట చటుక్కున విడిపోతుంది. ‘బైఎనియల్’లో అచ్చు మారింది కనుక అది లాటిన్ కాలపు కూర్పు, దాని అర్థం రెండేళ్లకు ఒకసారి జరిగేది, లేదా రెండేళ్లు బతికేది. ‘బైయాన్యువల్’లో అచ్చు మారలేదు; అది ‘ఆన్యువల్’ ముందు ‘బై’ చేర్చి ఆధునిక కాలంలో తయారుచేసిన మాట, దాని అర్థం ఏడాదికి రెండుసార్లు. అచ్చు మారకపోవడమే ఆధునికమైన కూర్పుకు ఆనవాలు అని ప్రతిచోటా చెప్పలేం; ‘పెద్’ వంటి కొన్ని ప్రాతిపదికలు లాటిన్‌లోనే మారకుండా నిలిచాయి. అయినా ఇది వాడదగిన ఆనవాలే.

నిఘంటువును కూడా సరైన క్రమంలో చదవాలి. ఆంగ్ల నిఘంటువు వ్యుత్పత్తి భాగంలో లాటిన్ అని ఉందా, మధ్యయుగ లాటిన్ అని ఉందా, నవీన లాటిన్ అని ఉందా గమనించాలి; రోమన్ కవి వాడిన మాటకూ ఐరోపా న్యాయవాదులు కూర్చుకున్న మాటకూ చరిత్ర ఒకటి కాదు. ఆ తరువాత లాటిన్ రూపాన్ని లాటిన్ నిఘంటువులో చూడాలి. 1879లో వెలువడిన లూయిస్, షార్ట్‌ల నిఘంటువు పాతదే అయినా ఏ రచయిత ఎక్కడ వాడాడో చూపుతుంది కనుక ఈ పనికి చక్కగా ఉపయోగపడుతుంది. ఆంగ్ల ప్రయోగాల చరిత్రకు, తేదీలవారీ ఉదాహరణలిచ్చే ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువును మించినది లేదు.

మరికొన్ని మాటల మీద పరీక్ష

‘సెమిక్విన్‌సెంటెనియల్’ తీసుకుందాం. తోక ‘అల్’, దాని ముందు ‘ఎన్ని’, అంటే రూపం మారిన సంవత్సరం, దాని ముందు ‘క్విన్‌సెంట్’, అంటే ఐదు వందలు, మొదట ‘సెమి’, సగం. ఐదు వందల ఏళ్లలో సగం, అంటే 250 ఏళ్లకు సంబంధించినది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4 నాటి వార్షికోత్సవానికి పెట్టిన పేరు ఇదే. ‘సెస్క్వి’తో పోల్చి చూడండి: ‘సెమి’ తన వెనకున్న మొత్తాన్ని సగానికి తగ్గిస్తుంది, ‘సెస్క్వి’ దానికి సగాన్ని కలుపుతుంది. కూర్పు అర్థమే వాడుక అర్థంగా నిలిచిన మాట ఇది, కాబట్టి లెక్క తేలితే పని అయిపోయినట్టే.

‘ఆంబిడెక్‌స్ట్రస్’ అలా కాదు. ‘అంబి’ అంటే రెండువైపులా, ‘దెక్స్‌తెర్’ అంటే కుడి. విగ్రహవాక్యం: రెండువైపులా కుడిచేతులే ఉన్నది. ఎడమచేతికి నైపుణ్యం ఉండవచ్చన్న ఆలోచనకే ఈ కూర్పులో చోటు లేదు. నైపుణ్యం ఉంటే అది కుడిచేయి అయిపోవాలి. ఇదే అర్థంలో మనం వాడే ‘సవ్యసాచి’ కూర్పు దీనికి ఎదురు దారిలో వచ్చింది, ఎందుకంటే సంస్కృతంలో ‘సవ్య’ అంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణం సంధించగలవాడు కనుక అర్జునుడికి ఆ పేరు. ఆంగ్లంలో దీని నామరూపమైన ‘ఆంబిడెక్‌స్టర్’ 16వ శతాబ్దంలో ఇరుపక్షాల దగ్గరా లంచం తీసుకునే జూరీ సభ్యుడికి పేరుగా ఉండేది. ఆ కాలపు రచనలో ఈ మాట ఎదురైతే నైపుణ్యమా, కపటమా అన్నది సందర్భాన్ని బట్టే తేల్చుకోవాలి. ముక్కలు రెండింటికీ సమానంగా సరిపోతాయి.

చివరగా ఒక జంట. ‘మాగ్నానిమస్’లో ‘మగ్నుస్’ అంటే గొప్ప, ‘అనిముస్’ అంటే మనసు, ఆత్మ. ‘మగ్నుస్’కు మన ‘మహత్’ జ్ఞాతిపదం కనుక ‘మహామనస్కుడు’ అన్న అనువాదం దాదాపు ముక్కకు ముక్క సరిపోతుంది. ఈ లాటిన్ సమాసం తానుగా పుట్టలేదు. ‘మెగలోప్సుఖోస్’ అనే గ్రీకు మాటను చూసి కూర్చినది. నేటి ఆంగ్లంలో దీని అర్థం బాగా ఇరుకైంది: ఓడిన ప్రత్యర్థి మీద, తప్పు చేసిన మనిషి మీద ఉదారంగా ప్రవర్తించేవారికే ఎక్కువగా వాడతారు. దీనికి ఎదురుగా ‘పుసిలానిమస్’ ఉంది. ‘పుసిల్లుస్’ అంటే మరీ చిన్నది. పైజంటను బట్టి లెక్కగడితే ఇది ‘క్షమించలేని చిన్న మనసు గల’ అని రావాలి. వాడుకలో దాని అర్థం పిరికి. క్రైస్తవ లాటిన్‌లో, ‘చిన్న ప్రాణం గల’ అన్న అర్థమున్న గ్రీకు మాటకు సమానంగా దీన్ని నిలబెట్టారు. ఆ గ్రీకు మాట ధైర్యం చాలని, అధైర్యపడిన మనిషిని ఉద్దేశించినది. అందువల్ల ఓడిన శత్రువును క్షమించని మనిషిని ‘పుసిలానిమస్’ అనకూడదు. పోరుకు దిగవలసిన వేళ వెనుకంజ వేసినవాడిని అనవచ్చు.